ఒట్టు వేయించిన షేక్

హుఫూఫ్ లేబర్ కోర్టులో దుబాసీగా ఉన్న కాలంలో నేను కాని మనిషి లేడు. కూలీని నేనే, మేస్త్రీని నేనే, జీతం ఎగ్గొట్టిన యజమానిని నేనే. మా జడ్జి పెట్టిన నియమం అలాంటిది. మొదటి రోజు నేను "అతను ఇలా అంటున్నాడు" అని మొదలుపెట్టగానే ఆయనకు ఒళ్ళు మండింది.

"అతనెవరు? నా ముందు అతను ఎవరూ లేరు. వాది 'నేను' అంటే నువ్వూ 'నేను' అనాలి. ఒక్క మాట కలపకు, ఒక్క మాట మింగకు. అతను ఏడిస్తే మాత్రం నువ్వు ఏడవక్కర్లేదు."

నవ్వాలో వద్దో తెలియక తల ఊపాను. ఆ రోజు నుంచి ఆ గదిలో నాకు సొంత నోరు లేకుండా పోయింది.

మాది కడప జిల్లా. మదర్సాలో కొట్టి నేర్పిన అరబ్బీ నా అన్నం. హుఫూఫ్ బజారులో ఒక అనువాదాల ఆఫీసులో పని. తెలుగువాడి కేసు వచ్చినప్పుడల్లా కోర్టు మా ఆఫీసుకు ఫోన్ చేసేది, నేను పరుగెత్తేవాణ్ణి. నితాఖత్ చట్టం గట్టిపడ్డాక ఆ ఫోన్లు ఎక్కువైపోయాయి. తగినంతమంది సౌదీలకు ఉద్యోగం ఇవ్వని కంపెనీకి ప్రభుత్వం ఎరుపు రంగు వేసేది. ఎరుపులో పడితే అక్కడి విదేశీ పనివాళ్ళ ఇఖామాలు, అంటే నివాస అనుమతులు, రెన్యూవల్ కావు. సౌదీలను చేర్చుకుంటే గానీ గండం గట్టెక్కదు. అంత కష్టం ఎవరు పడతారు? విదేశీయుల లెక్క తగ్గిస్తే సరిపోతుంది కదా అని కొందరు కఫీళ్ళు, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానులు, తెలివిగా ఒక పని చేశారు. ఎదురుగా పనిచేస్తున్న మనిషినే పారిపోయాడని కంప్యూటర్‌లో ఎక్కించారు. దాన్ని హురూబ్ అంటారు. ఆ మాట పడిందంటే మనిషి బతికుండీ లేనట్టే. బ్యాంకు లేదు, ఆసుపత్రి లేదు, దారిలో పోలీసు ఆపితే తర్హీల్ అనే జైలు, వేలిముద్రలు, విమానం. మళ్ళీ ఈ దేశం మొహం చూడటానికి వీల్లేదు.

అప్పుడే కుటుంబాల మీద లెవీ కూడా పడింది. భార్యకింత, పిల్లాడికింత అని ఏటేటా పెంచుకుంటూ పోయారు. మా ఆవిడ ఆ వార్త విన్న రోజు చేట చేతిలో పట్టుకుని బియ్యం ఏరుతోంది.

"ఏమయ్యా, పిల్లోళ్ళ తలకాయలకు గూడా పన్నేసినారంట? గాలి పీల్చేదానికి ఇంగా ఎయ్యల్యా?" అంది.

ఆ వేసవికి వాళ్ళను కడప పంపించేయాలని ఆ చేట ముందే తేలిపోయింది.

కోర్టులో అందరూ జడ్జిని షేక్ అనేవారు, నేనూ అంతే. యాభై దాటిన మనిషి. మాట కటువు, కళ్ళు బలహీనం. వకీళ్ళ కాఫీ ముట్టడు. ప్రతివాదులు ఎప్పుడూ ఆలస్యంగానే తగలడేవాళ్ళు కాబట్టి మాకు ఖాళీ సమయం బోలెడు దొరికేది. అప్పుడు తన గదిలో కూర్చుని బత్తాయి ఒలుచుకుంటూ నాతో మాట్లాడేవాడు. నేను ఆయన చుట్టాల్లో వాణ్ణి కాదు, తోటి ఉద్యోగిని కాదు. నాతో చెప్పిన మాట ఎక్కడికీ పోదని ధైర్యం కాబోలు.

వాళ్ళ నాన్నకు ఈ ఊరి చివర చిన్న ఖర్జూర తోట ఉండేదట. తోట అన్నకు వెళ్ళింది, చదువు ఈయనకు వచ్చింది. రియాద్‌లో షరియా కాలేజీ, ఆ తర్వాత దక్షిణాన కొండల్లో ఒక చిన్న ఊళ్ళో మొదటి ఉద్యోగం. అక్కడ తగవులన్నీ మేకల మీదా, బావుల మీదా.

"ఆ కొండల్లో నాకు అందరి తాతలూ తెలుసు. ఎవడు అబద్ధం ఆడటానికి వచ్చాడో గుమ్మంలోనే తెలిసిపోయేది" అన్నాడొకసారి.

"అయితే తీర్పు చెప్పడం తేలికే కదా షేక్?"

"తేలికా? నాకు తెలిసినదాన్ని బట్టి తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. నా ముందు విన్నదాన్ని బట్టే చెప్పాలి. తెలిసి కూడా తెలియనట్టు సంతకం పెట్టడమే ఈ ఉద్యోగంలో సగం పని."

కొండల్లోంచి దిగి హుఫూఫ్ జనరల్ కోర్టులో చాలా ఏళ్ళు వారసత్వ తగాదాలు తీర్చాడు. అన్నదమ్ములు ఒక చెట్టును రెండుగా ఎలా కోయమంటారో ఆయన నోట వినాలి. ఆ తర్వాత లేబర్ కేసులకు మార్చారు. దాన్ని ఆయన కింద పడెయ్యడంగానే తీసుకున్నాడు. తన చేతి కింద పనిచేసిన కుర్రవాళ్ళు రియాద్ అప్పీలు కోర్టుకు ఎక్కిపోతుంటే ఈయన ఇక్కడ పైపుల పనివాళ్ళ కేసులు వింటున్నాడు. "వాది గొంతు వినాలన్నా నాకు ఇంకో మనిషి కావాల్సి వచ్చింది" అని నా మొహం మీదే అన్నాడు. నాకు కోపం వచ్చింది. కానీ అందులో నిజం కూడా ఉంది.

ఆయనకు ఇంకో అలవాటుండేది. ఎంత చిన్న విషయమైనా అదే రోజు తేల్చడు. తీర్పు ఒక రాత్రి నిద్ర చెయ్యాలనేవాడు. షేక్ కన్నా షేక్ తీర్పులే ఎక్కువ నిద్రపోతాయని వకీళ్ళు వరండాలో జోకులేసుకునేవారు. ఆ ఆలస్యం వల్ల కొందరు కూలీలు ఇబ్బంది పడ్డారు, కాదనను. తొందరపడి ముంచాడని మాత్రం ఎవరూ అనలేదు.

నేను మర్చిపోలేని ఒక మనిషి కేసు వచ్చింది లెవీ పడిన ఏడాదే. జగిత్యాల వైపువాడు, నలభై దాటిన ప్లంబర్. చిన్న మెయింటెనెన్స్ కంపెనీలో పని. కంపెనీ పాత యజమాని చనిపోయాక కొడుకు చేతికి వచ్చింది, వచ్చిన కొన్నాళ్ళకే ఎరుపులో పడింది. కొత్త కఫీల్ ఇతన్ని కంపెనీ పని మాన్పించి ఊరి బయట తన తోటకు పంపాడు. చెట్లకు నీళ్ళు పెట్టడం, ఈత కొలను కడగడం, శుక్రవారాలు కుటుంబం వస్తే అన్నీ అందించడం. ఒకరోజు ఫోన్ సిమ్ కోసం షాపుకు వెళ్ళి వేలు పెడితే, నువ్వు హురూబ్‌లో ఉన్నావు పొమ్మన్నారు. కఫీల్‌ని అడిగితే రేపు తీయిస్తానన్నాడు. ఆ రేపు రాలేదు. కొన్నాళ్ళకు తోట గేటుకు కొత్త తాళం పడింది, లోపల కొత్త మనిషి చేరాడు.

రియాద్‌లో ఒక కంపెనీ ఆ హురూబ్ పోతే అతన్ని తీసుకుంటానంది. హురూబ్ పోవాలంటే తాను పారిపోలేదని కోర్టులో రుజువు చేసుకోవాలి. అతనికి కావలసింది అదొక్కటే. అదే సమయంలో ప్రభుత్వం మాఫీ కూడా ప్రకటించింది. ఇలాంటివాళ్ళు శిక్ష లేకుండా ఇంటికి వెళ్ళిపోవచ్చు. అతని గదిలోని మిగతావాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. నువ్వెందుకు వెళ్ళలేదని కోర్టు వరండాలో అడిగాను.

"మాఫీ తప్పు జేసినోళ్ళకు గద సార్. నేనేం జేసిన్నని మాఫీ అడగాలె? నేను ఉర్కలే. ఏడికి ఉర్కుత? తోటల్నే ఉన్న" అన్నాడు.

మొండితనానికి చిరాకేసింది. అంత నిజాయితీ ఈ వరండాలో ఎందుకూ పనికిరాదని చెప్పాలనిపించింది. కానీ వాది ఆశ మీద నీళ్ళు పొయ్యడం దుబాసీ పని కాదు.

మొదటి వాయిదాకు కఫీల్ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, ఇస్త్రీ తెల్లబట్టలు, చేతిలో రెండు ఫోన్లు. చూస్తే దుర్మార్గుడిలా లేడు. తండ్రి వదిలిపోయిన కంపెనీ మునుగుతుంటే చేతికి దొరికినవాణ్ణి తొక్కి పైకి తేలాలని చూస్తున్న మనిషి, అంతే. "ఇతను పని వదిలి వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో నాకు తెలియదు. నియమం ప్రకారం రిపోర్టు ఇచ్చాను" అన్నాడు. నేను అదే తెలుగులో, నేనే రిపోర్టు ఇచ్చినంత బాగా చెప్పాను.

మా ప్లంబర్‌కు కోపం రాలేదు. ఆశ్చర్యం వచ్చింది.

"నీ తోటల ఉన్న గదయ్యా! నీ బిడ్డ నా ఎనకనే తిరిగేది గద!" అని కఫీల్‌తో నేరుగా తెలుగులో అనేసి, నా వైపు తిరిగాడు. "సార్, ఆ పాపను పిలువుండ్రి. పది దాక లెక్క వెట్టమనుండ్రి. నేను బకీట్లు మోసేటప్పుడు నా ఎంబడి లెక్క వెట్టేది. ఒకటి, రెండు, మూడు అంటది. తెలుగు ఎవ్వలు నేర్పిచ్చిన్రో అడుగుండ్రి."

నేను దాన్ని అరబ్బీలో పెట్టాను. ఒకటి, రెండు, మూడు మాత్రం తెలుగులోనే ఉంచాల్సి వచ్చింది. షేక్ కళ్ళద్దాలు తీశాడు. మాటల్ని గట్టిగా వినాలనుకున్నప్పుడు ఆయన అలా చేసేవాడు. కఫీల్ వైపు తిరిగి అమ్మాయి వయసు అడిగాడు.

"నాలుగు" అన్నాడు కఫీల్, ఫోన్ తిప్పి పెడుతూ.

"పసిపిల్ల సాక్ష్యం చెల్లదు" అన్నాడు షేక్, కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంటూ.

ఇంకెవరైనా చూశారా అంటే, పక్క తోటలో పనిచేసే బంగ్లాదేశీ ఉన్నాడు. కానీ అతని ఇఖామా ఎప్పుడో చచ్చిపోయింది. కోర్టు గుమ్మం తొక్కితే అతన్నే పట్టుకుంటారని భయం. అతన్ని ఎలాగైనా ఒప్పించి తెచ్చుకోమని షేక్ గడువిచ్చాడు.

రెండో వాయిదాకు సాక్షి రాలేదు. అప్పుడు షేక్ ఆ కోర్టు పద్ధతి చెప్పాడు. రుజువు చూపించాల్సింది వాది. వాది దగ్గర రుజువు లేకపోతే, కాదంటున్న ప్రతివాది చేత ప్రమాణం చేయించమని అడిగే హక్కు అతనికి ఉంది. ప్రతివాది ప్రమాణం చెయ్యనంటే వాది గెలిచినట్టు. చేస్తే కేసు అక్కడితో ముగిసినట్టు.

"ఇది అతనికి సరిగ్గా అర్థం కావాలి" అని షేక్ నాతో రెండుసార్లు చెప్పించాడు. "తొందరేమీ లేదు. సాక్షి కోసం ఇంకో వాయిదా కావాలంటే ఇస్తాను."

మా ప్లంబర్ మొహం విచ్చుకుంది. కోర్టులో అతను నవ్వగా చూడటం అదే మొదటిసారి.

"ఒట్టా? దేవుని మీదనే?"

"దేవుడి మీదే."

"గది ముందుగాల్నే చెప్పొద్దా సార్! వెయ్యమనుండ్రి. పాపం ఆ బంగ్లాయన కొంప గూల్చుడెందుకు. ఈయన వెయ్యడు సార్. బిడ్డ ఉన్నది గద."

షేక్‌ని అనుమతి అడిగాను, ఒక్కసారి నా సొంత మాట చెప్పుకోవచ్చా అని. అంతకు ముందు ఎప్పుడూ అడగలేదు. ఆయన చెప్పమన్నాడు.

"అన్నా, విను. ఈడ ఒట్టేసినాడంటే కేసు అయిపోతాది. మన ఊళ్ళల్లో మాదిరి కాదు. వాయిదా అడుక్కో" అన్నాను.

"వేస్తెనే గదన్నా అయిపోయేది" అన్నాడు.

అతనికి అర్థం కాలేదని అనుకోవడానికి లేదు. బాగా అర్థమైంది. కాకపోతే అతని లెక్క వేరు. వాళ్ళ ఊళ్ళో పొలం సరిహద్దు దగ్గర తగవు పడినవాడు పెద్దమనుషుల ముందు ఎన్ని అబద్ధాలైనా ఆడతాడట. సరే, గుడికి పోయి బిడ్డ మీద చెయ్యి పెట్టి ఒట్టేయమంటే సగం దారిలో ఆగిపోతాడట. అబద్ధపు ఒట్టు వేసినవాడి మీద కాదు, వాడి పిల్లల మీద పడుతుందని అక్కడ పసివాడికి కూడా తెలుసు. సాక్షి జడుసుకోవచ్చు, కాగితం చిరగవచ్చు, ఒట్టుకు మించిన రుజువు లేదు. షేక్ తన చేతికి అన్నిటికన్నా బలమైన ఆయుధం ఇచ్చాడనుకున్నాడతను. ఆ గదిలో అది అన్నిటికన్నా ఆఖరిదని ఎన్నిసార్లు చెప్పినా లోపలికి దిగలేదు.

షేక్ కఫీల్‌ని నిలబడమన్నాడు. ప్రమాణానికి ముందు చేసే హెచ్చరిక చేశాడు. మామూలుగా రెండు వాక్యాల్లో ముగించే మనిషి ఆ రోజు చాలాసేపు చెప్పాడు. అబద్ధపు ప్రమాణాన్ని మన గ్రంథాల్లో ముంచేసే ప్రమాణం అంటారు, అది వేసినవాణ్ణి ఈ లోకంలో పాపంలోనూ పై లోకంలో అగ్నిలోనూ ముంచుతుంది, మనసులో ఏమన్నా ఉంటే ఇప్పుడైనా చెప్పు, ఒప్పుకున్నవాణ్ణి నేను చిన్నబుచ్చను అన్నాడు. ఆయన గొంతులో నేను అంతకు ముందు వినని బతిమాలే ధోరణి ఉంది. కఫీల్ తలుపు వైపు చూశాడు. మా ప్లంబర్ వైపు చూశాడు. ఇతను అతనికి ధైర్యం చెబుతున్నట్టు మెల్లగా తల ఊపాడు, నిజం చెప్పెయ్ ఏం కాదు అన్నట్టు.

కఫీల్ కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసేశాడు. గబగబా, ఊపిరి తీసుకోకుండా.

ఇప్పుడు దాన్ని నేను తెలుగులో చెప్పాలి. షేక్ నియమం ప్రకారం 'నేను' అనే చెప్పాలి.

"మహోన్నతుడైన అల్లాహ్ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఈ మనిషి నా దగ్గర..."

"ఆగన్నా!" అని అరిచాడు ప్లంబర్. "నువ్వెందుకు అంటున్నవు? నీకు పిల్లలున్నరు గద. ఊకో. నాకు సమజైంది."

"ఏమంటున్నాడు?" అన్నాడు షేక్.

"ఆగు, నువ్వెందుకు అంటున్నావు, నీకు పిల్లలున్నారు, ఊరుకో, నాకు అర్థమైంది" అని అరబ్బీలో చెప్పాను.

షేక్ తల దించుకుని, "రికార్డు కోసం పూర్తి చెయ్యి" అన్నాడు. పూర్తి చేశాను. ఈ మనిషి నా తోటలో పని చేయలేదు, తనంతట తానే పారిపోయాడు అని నేనే తెలుగులో ఒట్టు వేశాను.

తర్వాతి వాయిదాకు షేక్ తీర్పు చదివాడు. వాది కోరిక తిరస్కరించడమైనది. ఎప్పుడూ నిదానంగా చదివే మనిషి మాట మీద మాట పడేట్టు చదివి లేచి వెళ్ళిపోయాడు. ఆయనకు నిజం తెలుసని నాకు తెలుసు. తెలిసినా విన్నదాని మీదే సంతకం పెట్టాలి. కొండల్లో మొదలైన ఆ సగం పని ఇక్కడ కూడా ఆయన్ని వదల్లేదు.

మాఫీ గడువు అప్పటికే అయిపోయింది. దాక్కుని బతకమని గదిలోవాళ్ళు చెప్పారట. అతను ఒప్పుకోలేదు. పారిపోయినవాడని కోర్టు తేల్చిన మనిషి సంచి సర్దుకుని తనంతట తానే తర్హీల్‌లో లొంగిపోవడానికి బయలుదేరాడు. ఒక్కణ్ణి పంపడానికి నాకు మనసొప్పలేదు, టాక్సీలో వెంట వెళ్ళాను. దారంతా ఖర్జూర తోటలు. అతను వాటి వైపు చూడలేదు. రియాద్ ఉద్యోగం గురించి ఏడుస్తాడనుకున్నాను, కఫీల్‌ని తిడతాడనుకున్నాను. నేనైతే తిట్టేవాణ్ణి.

"అన్నా, నీ ఒట్టు నేను తీసేసిన. తీసి గట్టు మీద వెట్టిన. నువ్వు నా కోసమే మాట్లాడినవు, నీ పిల్లలకు ఏంగాదు" అన్నాడు.

చిన్నప్పుడు మేమూ ఆ మాట అనుకునేవాళ్ళం. ఎవరి కోసం ఒట్టు వేశామో వాళ్ళో, వేయించినవాళ్ళో దాన్ని తీసి గట్టు మీద పెడితే ఇంకెవరి మీదా ఉండదు. అప్పటిదాకా బిగబట్టుకున్న దుఃఖం నాకు ఒక్కసారిగా వచ్చేసింది. ఇంట్లో పెట్టెలు సర్దుకుంటున్న నా పిల్లలు గుర్తొచ్చారు.

"ఆ పాపదే అన్నా నాకు రంది. నాలుగేండ్లది. దానికేం ఎరుక, వాళ్ళ నాయిన ఏం ఒట్టేసిండో. ఆమెది నేను తీస్తె పోదు. వేయిచ్చింది షేకు గద, షేకే తియ్యాలె. జర చెప్పన్నా, ఒక్క మాటనే గద. గంతే ఇంకేం వద్దు నాకు."

గేటు దగ్గర సిపాయి అతని సంచి లాక్కున్నాడు. "చెప్పుడు మర్వకు" అని లోపలి నుంచి అన్నాడు.

నేను షేక్‌కి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది.

"ఇది కోర్టు. తాయెత్తులు కట్టే చోటు కాదు. మన ధర్మంలో ఒకరి పాపం ఇంకొకరి మీద పడదు. పసిపిల్ల మీద అసలే పడదు. ఆ మాట అతనికి చెప్పు."

తర్హీల్‌కి వెళ్ళి, ఊచల అవతల నిలబడిన ప్లంబర్‌కు ఆ మాటే చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"గట్లయితే మంచిదే అన్నా" అన్నాడు. ఊచలు పట్టుకుని, "గని షేకు తీసేసిండా మరి?" అని అడిగాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకు ఇదంతా చెబితే నుదురు కొట్టుకుంది. "నా బిడ్డల మీద ఒట్లేసే ఉజ్జోగమా నీది!" అని ఒక పూట నాతో మాట్లాడలేదు. నా ఒట్టు అతను తీసేశాడని చెప్పాక చల్లబడింది. "ఆయప్ప మంచోడు. ఎట్లన్నా జేసి ఆ జడ్జితో చెప్పీ" అంది. ఆ వారంలోనే దమ్మామ్ నుంచి వాళ్ళు విమానం ఎక్కారు. ఖాళీ ఇంట్లో చేట గోడకు ఆనించి ఉంది. దాన్ని తీసి లోపల పెట్టాను.

షేక్ దగ్గర మళ్ళీ ఆ మాట ఎత్తడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆయనే ఎత్తాడు. రియాద్ అప్పీలు కోర్టుకు ఆయన్ని వేస్తూ ఆర్డరు వచ్చింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మెట్టు. వరండా అంతా అభినందనలు, ఖర్జూరాలు, కాఫీలు. సందడి తగ్గాక నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయమన్నాడు.

"ఆ మాట మళ్ళీ చెప్పు. దేని మీద పెట్టాలన్నాడు?"

"గట్టు మీద."

"గట్టు అంటే?"

రెండు మడుల మధ్య మట్టితో ఎత్తుగా వేస్తారు, నీళ్ళు అటూ ఇటూ పోకుండా ఆపుతుంది అని చెప్పాను. ఆయన ముఖం మారింది. వాళ్ళ నాన్న తోటలో కాలవ పక్కన అలాంటివే ఉండేవట, చిన్నప్పుడు వాటి మీద కూర్చునే చదువుకున్నాడట.

"నేను ఇన్నేళ్ళలో ఎంతోమంది చేత ప్రమాణం చేయించాను" అన్నాడు. "వేసినవాళ్ళ గురించి భయపడిన వాదిని ఒక్కణ్ణీ చూడలేదు. అందరూ వాడు సర్వనాశనం కావాలనే కోరుకుంటారు. నేను కూడా లోపల అదే కోరుకున్నాను, ఆ కుర్రవాడు చెయ్యి ఎత్తినప్పుడు."

కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తీర్పు చెప్పేటప్పుడు కూర్చునే పద్ధతిలో నిటారుగా కూర్చున్నాడు.

"రాసుకోకు. విను. ఆ పిల్ల మీద ఏ ప్రమాణమూ లేదు. ఉందని అతను అనుకుంటున్నాడు గనుక, వేయించినవాణ్ణి నేనే గనుక, దాన్ని తీసేశాం. గట్టు మీద పెట్టాం." ఆఖరి మాట తెలుగులో అనడానికి ప్రయత్నించాడు. గట్టు సరిగ్గా పలకలేదు, మళ్ళీ అన్నాడు. "ఇవాళే వెళ్ళు. నా తరఫున చెప్పు. నువ్వు చెప్పేటప్పుడు 'షేక్ అన్నాడు' అనకు. 'నేను' అను."

నేను మెట్లు గబగబా దిగి టాక్సీ పట్టుకున్నాను.

తర్హీల్ గేటు దగ్గర ఆ పేరుగల మనిషి లేడన్నారు. అంతకు ముందు రోజే ఒక బస్సు నిండా మనుషుల్ని విమానాశ్రయానికి తీసుకెళ్ళారట, అందులో ఉన్నాడు. అతని ఫోన్ ఎప్పుడో ఆగిపోయింది. ఊరి పేరు కూడా నేను సరిగ్గా అడిగి ఉంచుకోలేదు, జగిత్యాల వైపు అని తప్ప. కోర్టు ఫైలులో ఇఖామా నంబరే ఉంది, ఊరు లేదు. హుఫూఫ్‌లో ఆ జిల్లావాళ్ళ గదులన్నీ తిరిగాను. అతనితో ఉన్నవాళ్ళు మాఫీలో ఎప్పుడో వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళకు అతను తెలియదు.

మర్నాడు షేక్‌కి చెప్పాను. ఎప్పుడు పంపారని అడిగాడు. మొన్న అని చెప్పాను.

"మొన్న" అన్నాడాయన. "నేను మొన్ననే నిన్ను పిలుద్దామనుకున్నాను. ఒక రాత్రి ఆలోచిద్దామని ఆగాను."

ఆ వారమే ఆయన రియాద్ వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నాళ్ళకు నా ఉద్యోగం కూడా సౌదీలకే అన్నారు, నేనూ ఇంటికి వచ్చేశాను. జగిత్యాల వైపు ఎక్కడో ఒక ప్లంబర్ హుఫూఫ్‌లోని ఒక పిల్లకు ఏమవుతుందోనని ఇప్పటికీ భయపడుతూ ఉండి ఉంటాడు. దాన్ని నేను తీసేశాను, గట్టు మీద పెట్టాను అన్న మాట మాత్రం నా నోట్లోనే ఉంది.